చోగ్లంసర్ దారి: లద్దాఖ్ వృద్ధాశ్రమానికి వెళ్లేవాళ్ల కోసం, రోజువారీగా

లద్దాఖ్ అనగానే మనవాళ్లకు పాంగాంగ్ సరస్సు, బుల్లెట్ బండ్లు గుర్తొస్తాయి. లేహ్ ఊరికి సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, సింధు నది పక్కన చోగ్లంసర్ ఉంది. అక్కడ మహాబోధి అంతర్జాతీయ ధ్యాన కేంద్రం వారి ప్రాంగణంలో చూసేవాళ్లు లేని ముసలివాళ్ల కోసం ఆశ్రమం నడుస్తోంది. కేంద్రాన్ని 1986లో స్థాపించినది భిక్షు సంఘసేన. లద్దాఖ్‌వాసే అయినా ఆయన గురువు మన దక్షిణాదిలో ఉండేవారు: బెంగళూరు మహాబోధి సొసైటీని స్థాపించిన ఆచార్య బుద్ధరక్షిత. గడ్డి కూడా మొలవని ఇసుక నేల మీద మొదలైన ప్రాంగణంలో బడి, ఆసుపత్రి, చూపులేని పిల్లలకు వసతి, వృద్ధాశ్రమం ఒక్కొక్కటిగా వచ్చాయి.

హైదరాబాద్, విజయవాడల నుంచి లేహ్ వెళ్లేవాళ్లలో కొందరు ఇలాంటి చోటికి ఒక పూట వెళ్లి, ఏదైనా ఇచ్చి రావాలనుకుంటారు. ఈ కథనం వాళ్ల కోసం. సంరక్షణ గురించి కింద చెప్పేవి ఏ ఒక్క ఆశ్రమం లోపలి సంగతులూ కావు. ఆ ఎత్తులో, ఆ చలిలో ముసలివాళ్లను ఎవరు చూసుకున్నా ఎదురయ్యేవే. ఒక్క మాట ముందే తెలుసుకుంటే సగం పని అయినట్టే: మనం వెళ్లేది జూన్–సెప్టెంబర్ మధ్య, అంటే వాళ్లకు మన అవసరం అతి తక్కువగా ఉండే నెలల్లో. అప్పుడు అక్కడ జరిగే ప్రతి పనీ నవంబర్ నుంచి మార్చి దాకా బతకడానికి చేసుకునే ఏర్పాటే.

బయలుదేరే ముందు

మన రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఆశ్రమం ఆఫీసుకు ముందే ఫోన్ చేసి ఏ రోజు, ఎంతమంది వస్తున్నారో చెప్పి, ఏం కావాలో అడగాలి. మనం ఊహించుకుని తీసుకెళ్లే సామాన్లలో సగం అక్కడ మూల పడి ఉంటాయి. బిస్కెట్ పెట్టెలు, పలచటి దుప్పట్లు, వేసవి చీరలు అలాంటివే.

ఢిల్లీ నుంచి లేహ్‌కి విమానంలో గంటా పావు. పొద్దెక్కాక గాలి పలచబడి ఈదురుగాలి మొదలవుతుంది కాబట్టి దాదాపు అన్ని విమానాలూ పొద్దున్నే దిగుతాయి. అంటే హైదరాబాద్ నుంచి ముందురోజు రాత్రే ఢిల్లీ చేరాలి. రోడ్డు మీద వెళ్లదలచుకుంటే మనాలి దారి కంటే శ్రీనగర్ దారి మేలు. శ్రీనగర్ దారిలో రాత్రి బస 2,676 మీటర్ల ఎత్తున్న కార్గిల్‌లో. మనాలి దారిలో చాలామంది సర్చులో, అంటే 4,200 మీటర్లు దాటాక పడుకుంటారు. ఒంటికి ఎత్తు అలవాటు కాకముందే అంత పైన నిద్రపోతే తలనొప్పి, వాంతులతో యాత్ర మొదలవుతుంది.

ఎత్తుకు ముందుజాగ్రత్తగా డాక్టర్లు సాధారణంగా రాసేది అసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు, పూటకు ఒకటి చొప్పున రెండు పూటలు, ప్రయాణానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఇది కుదరకపోవచ్చు. డాక్టర్‌ని అడగకుండా మందుల షాపులో కొనుక్కోవద్దు.

మొదటి రోజు: ఏమీ చేయకూడని రోజు

లేహ్‌లోని కుషోక్ బకులా రింపోచే విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. ఊరు ఇంకా పైన, దాదాపు 3,500 మీటర్లు. సముద్రమట్టం దగ్గర ఉండే గాలి ఒత్తిడిలో ఇక్కడ మూడింట రెండొంతులే ఉంటుంది. దిగిన గంటసేపు హుషారుగానే అనిపిస్తుంది. తలనొప్పి సాయంత్రానికో అర్ధరాత్రికో మొదలవుతుంది. అందుకే ఈ రోజు గదిలోనే ఉండాలి. నీళ్లు తాగుతూ, తేలిగ్గా తింటూ, మెట్లు కూడా నిదానంగా ఎక్కాలి. మద్యం ముట్టుకోవద్దు. పడుకున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురగ వస్తే, నడుస్తుంటే తూలితే తెల్లారేదాకా ఆగకుండా ఎస్‌ఎన్‌ఎం ఆసుపత్రికి వెళ్లాలి. అది లేహ్ జిల్లా ప్రభుత్వాసుపత్రి. ఇలాంటి కేసులు వాళ్లకు రోజూ వచ్చేవే.

ఆశ్రమానికి మూడో రోజు వెళ్లాలనడానికి ఇంకో కారణం ఉంది. విమానంలో పట్టిన జలుబు రెండు రోజుల్లో బయటపడుతుంది. మనకు అది ముక్కు కారడంతో పోతుంది. ఎనభై ఏళ్ల ఊపిరితిత్తులకు, అదీ ఈ గాలిలో, న్యుమోనియా దాకా వెళ్తుంది. గొంతు గరగరగా ఉన్నా సరే, వెళ్లడం మానుకోవాలి. మాస్కు పెట్టుకుని వెళ్దాం అని సర్దుకోవద్దు.

రెండో రోజు: లేహ్ బజారు

కొనదలచుకున్నవి ఇక్కడే కొనడం మేలు. విమానంలో మోసే బరువు తగ్గుతుంది, డబ్బు ఇక్కడి దుకాణాలకే చేరుతుంది, సైజు సరిపోకపోతే ఆశ్రమంవాళ్లు మార్చుకోగలరు. అడిగి తెలుసుకున్నాక సాధారణంగా పనికొచ్చేవి ఇవి: లోపల స్టీలు గల ఫ్లాస్కులు, పెద్దవాళ్ల డైపర్లు (ఎక్కువగా కావాల్సింది మీడియం సైజు, చలికి మూడు పొరల బట్టలు వేసుకున్న మనిషిని చూసి ఎక్స్‌ట్రా లార్జ్ కొనేస్తుంటారు, బట్టల కింద మనిషి బక్కగా ఉంటారు), వాజలీన్, అంచున బిగుతు రబ్బరు లేని ఉన్ని మేజోళ్లు, చుట్టూ అంచున్న టోపీలు, నల్లకళ్లద్దాలు. కళ్లద్దాలు ఫ్యాషన్ కోసం కాదు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతానికి పైగా పెరుగుతుంది. జీవితమంతా పొలాల్లో, మంచు మీద, టోపీ లేకుండా గడిపినవాళ్లకు శుక్లాలు త్వరగా వస్తాయి.

స్వీట్లు వద్దు. పుట్టినరోజుకో పెద్దల తిథికో వృద్ధాశ్రమంలో పూర్ణాలు, పులిహోర, గారెలతో అన్నదానం చేయడం మనకు అలవాటు. ఇక్కడ అది పనిచేయదు. బార్లీకీ పలచటి సూపుకీ అలవాటుపడిన కడుపులో ఒక్కసారిగా నూనె, చక్కెర పడితే ఆ రాత్రి ఆయాలకు నిద్ర ఉండదు. అన్నదానమే చేయాలనుకుంటే, ఆ డబ్బుతో ఆ వంటగదిలో వాళ్లు వండుకునేదే వండించమనాలి.

మూడో రోజు: చోగ్లంసర్

లేహ్ నుంచి షేర్ ట్యాక్సీలు, మినీ బస్సులు మనాలి రోడ్డు మీదుగా చోగ్లంసర్ వెళ్తాయి. ఇరవై నిమిషాల దారి. దారిలో కనిపించే ఊరి ముఖం చూస్తే వృద్ధాశ్రమం ఎందుకు అవసరమైందో సగం అర్థమవుతుంది. ఒక పక్క 1969 నుంచి ఉన్న టిబెటన్ శరణార్థుల సోనమ్‌లింగ్ కాలనీ. ఇంకో పక్క ఖర్నక్‌లింగ్, అంటే చాంగ్‌థాంగ్ పీఠభూమిలో మేకలు, యాక్‌లు మేపుకుంటూ తిరిగిన ఖర్నక్ సంచార కుటుంబాలు మందలు అమ్ముకుని వచ్చి కట్టుకున్న పేట. పిల్లల చదువు కోసం, ఆసుపత్రి కోసం వచ్చారు. పడుచువాళ్లకు డ్రైవింగో కూలి పనో దొరికింది. మంద తప్ప మరో పని తెలియని ముసలివాళ్లు నాలుగు గోడల మధ్య కూర్చున్నారు.

పాత లద్దాఖ్‌లో ముసలితనానికి ఒక ఏర్పాటు ఉండేది. పెద్దకొడుకుకు పెళ్లయ్యాక ఇల్లూ పొలమూ అతని చేతికి వచ్చేవి. తల్లిదండ్రులు పెద్దింటి పక్కనే ఉన్న చిన్నింట్లోకి మారేవాళ్లు. వాళ్లకు కొంత పొలం, ఒకటో రెండో పశువులు విడిగా ఉండేవి. అన్నదమ్ములందరికీ ఒకే భార్య ఉండే పద్ధతి వల్ల పొలం ముక్కలు కాలేదు, ఇంట్లో పనిచేసే చేతులు తగ్గలేదు. ఆ బహుభర్తృత్వాన్ని 1941 చట్టం నిషేధించింది. 1943లో వారసత్వ చట్టమూ మారింది. 1962 తర్వాత సైన్యం, 1974లో విదేశీ పర్యాటకులకు తలుపులు తెరిచాక టూరిజం కొత్త జీతాలు తెచ్చాయి. పాత పద్ధతి మంచిదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. అందులో చిన్నకొడుకులకూ ఆడవాళ్లకూ జరిగిన నష్టం తక్కువేమీ కాదు. కానీ చిన్నింటి వెనుక ఉన్న పెద్దిల్లు ఖాళీ అయితే చిన్నింట్లో ముసలమ్మ ఒక్కతే మిగిలిపోతుంది.

ఒక్కతే ఉంటే ఏమవుతుంది? ఇక్కడి ఇంటి పైకప్పు పాప్లార్ దూలాల మీద విల్లో పుల్లలు పరిచి మట్టి తొక్కినది. మంచు పడిన ప్రతిసారీ పైకెక్కి తుడిచేయాలి, కొన్నేళ్లకోసారి మట్టి మళ్లీ వేయాలి. లేహ్‌లో ఏడాదికి కురిసే వాన, మంచు కలిపి సుమారు 100 మిల్లీమీటర్లే. ఆ లెక్కన కట్టిన ఇళ్లు ఇవి. 2010 ఆగస్టు 5 రాత్రి మేఘం బద్దలై వచ్చిన బురద వరదలో చోగ్లంసర్ బాగా దెబ్బతింది. లేహ్ ప్రాంతంలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. అంత పెద్ద విపత్తు అక్కర్లేదు, కప్పు నుంచి చుక్కలు పడుతున్నా ఎక్కలేని మోకాళ్లు చాలు, ఇల్లు వదిలేయాల్సి రావడానికి. ఆశ్రమానికి వచ్చేవాళ్లందరినీ పిల్లలు తరిమేశారనుకోవడం తప్పు. పెళ్లి చేసుకోనివాళ్లు, పిల్లలు పుట్టనివాళ్లు, పిల్లలు తమకంటే ముందే పోయినవాళ్లు, నీళ్లు మోసుకోలేక వచ్చినవాళ్లు కూడా ఉంటారు. అందుకే ‘మీ పిల్లలేరీ?’ అని అడగకూడదు.

లోపలికి వెళ్లాక పలకరింపు ‘జూలే’. పెద్దాయన్ని ‘మేమే-లే’ అని, పెద్దావిడను ‘అబి-లే’ అని పిలుస్తారు. ఇక్కడి బోటీ భాష (లద్దాఖీ) రాకపోయినా ఆ మూడు మాటలతో చాలా దూరం వెళ్లొచ్చు. చిన్నవాళ్లలో చాలామందికి హిందీ వచ్చు. ముసలివాళ్లలో కొందరికి రాదు. మాట మీద ఆధారపడని పని ఏదైనా పట్టుకోవడం మంచిది. ఉన్ని చిక్కు తీయడం, ఆప్రికాట్ గింజలు కొట్టడం, చక్రాల కుర్చీ ఎండలోకి తోయడం లాంటివి. మంత్రం తిప్పే చక్రం చేతిలో ఉంటే మధ్యలో ఆపకూడదు. స్తూపం చుట్టూ కుర్చీ తోస్తే స్తూపం కుడిచేతి వైపు ఉండాలి, మన ప్రదక్షిణ లాగే. ఫొటోకి ముందు ఆఫీసు అనుమతి, తర్వాత ఆ మనిషి అనుమతి. దుప్పటి ఇస్తూ ఫొటో దిగేవాళ్ల గురించి ఇక్కడ రాయడం అనవసరం, వాళ్లు ఇంత దాకా చదవరు.

నాలుగో రోజు: ఒక పగలు, ఒక రాత్రి

ముసలివాళ్ల సేవలో అనుభవమున్న నర్సులు కూడా మైదానాల నుంచి వచ్చి ఇక్కడ మొదటి వారం తడబడతారు. కారణం ఎత్తు. మన దగ్గర వేలికి ఆక్సీమీటర్ పెడితే 95 కంటే తగ్గితే కంగారుపడతాం. 3,500 మీటర్ల దగ్గర ఆరోగ్యంగా ఉన్న మనిషికే 88–92 మధ్య చూపిస్తుంది. కాబట్టి ప్రతి మనిషికీ బాగున్న రోజు అంకె రాసిపెట్టుకోవాలి. 89 ఉండే మనిషికి 82 వస్తే అది వార్త. చల్లటి వేళ్ల మీద పరికరం తప్పు చెబుతుంది. రెండు చేతుల మధ్య వేలిని వెచ్చబరచి, నిమిషం ఆగి చూడాలి. గోరింటాకు, గోళ్ల రంగు ఉంటే వేరే వేలు.

ఊపిరితిత్తుల జబ్బు ఇక్కడ ఫ్యాక్టరీ లేకుండానే వస్తుంది. చిమ్నీ లేని పొయ్యి పొగ ఒకటి, వసంతంలో లేచే సన్నటి ఇసుక దుమ్ము ఇంకొకటి. సింధుకు అవతల ఉన్న చుషోత్, స్తోక్ ఊళ్లలో గనిలో ఎప్పుడూ పనిచేయని రైతుల ఛాతీ ఎక్స్‌రేలలో సిలికోసిస్ కనిపించిందని డాక్టర్లు 1990ల మొదట్లోనే నమోదు చేశారు. అందుకని ఆశ్రమంలో నేల చీపురుతో ఊడవడం కంటే తడిగుడ్డతో తుడవడం మేలు. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ దానమివ్వదలచుకున్నవాళ్లు పెట్టె మీద రాసిన గరిష్ఠ ఎత్తు చూడాలి. చాలా మోడళ్లు రెండున్నర, మూడు వేల మీటర్ల దాకానే మాటిస్తాయి. ఆపైన అంకె చూపిస్తాయి కానీ వచ్చే గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. కరెంటు పోతే ఆగిపోతుంది కాబట్టి పక్కన నింపిన సిలిండరు, దాన్ని తిప్పే తాళంచెవి అక్కడే గొలుసుకు కట్టి ఉండాలి. సిలిండరు ఉండి తాళంచెవి దొరకని రాత్రులు ఆసుపత్రుల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

పొద్దున పని సూర్యుణ్ని బట్టి నడుస్తుంది. దక్షిణపు కిటికీలోంచి ఎండ మంచం మీద పడ్డాకే ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం. అంతకుముందు దుప్పటి తీస్తే ఒంటి వేడి పోయి మళ్లీ రావడానికి గంటలు పడుతుంది. స్నానం వేసవిలో వారానికోసారి, చలికాలంలో అంతకంటే అరుదు. మిగతా రోజుల్లో గోరువెచ్చటి గుడ్డతో ఒక భాగం తుడిచి, ఆరబెట్టి, కప్పి, తర్వాతి భాగం. రోజూ సబ్బు వాడితే ఈ పొడిగాలికి చర్మం పగిలి నెత్తురొస్తుంది. తుడిచాక తేమ ఉండగానే వాజలీన్ రాయాలి.

మంచం దిగలేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. వెన్ను చివర, తుంటి ఎముక, మడమ ఈ మూడు చోట్లా ఎరుపు ఉందేమో చూడాలి. వేలితో నొక్కి వదిలితే ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. చలికాలంలో ఇది తప్పిపోవడానికి కారణం బద్ధకం కాదు. మూడు దుప్పట్లు తీసి మనిషిని చలికి చూపడానికి మనసొప్పదు. ఒక్క దుప్పటీ తీయకుండా, కాళ్ల వైపు నుంచి చేయి పెట్టి మడమ తడిమి చూడటం అలవాటు చేసుకోవాలి. గాలి పరుపు మంచిదే, కానీ దాని మోటారుకు కరెంటు కావాలి. కరెంటు పోయాక అది నెమ్మదిగా చప్పబడి మనిషి చెక్క మీద పడుకున్నట్టవుతుంది. అందుకే దాని కింద నాలుగంగుళాల ఫోమ్ పరుపు తప్పనిసరి.

ఇక నీళ్లు. ముసలివాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, రాత్రి లేవాల్సి వస్తుందని. లద్దాఖీ పాయిఖానా పొడి పద్ధతిది. గొంతుకూర్చునేది, పైగా చాలా ఇళ్లలో చలిగాలి కొట్టే చోట ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి అర్ధరాత్రి అది భయమే. నీళ్లు తాగకపోతే మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దాంతో మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. చూసేవాళ్లు ‘మతిమరుపు వచ్చింది’ అనుకుంటారు. రోజంతా తాగాల్సిన ద్రవాల్లో ఎక్కువ భాగం సాయంత్రం నాలుగులోపు తాగించి, మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెడితే ఆ మతిమరుపులో కొంత నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కమోడ్ కుర్చీ కొనేటప్పుడు చక్రాలున్నది కొనొద్దు, కూర్చునేటప్పుడు జారుతుంది. నాలుగు కాళ్లకూ రబ్బరు తొడుగులు, ఎత్తు మార్చుకునే వీలు, రెండు వైపులా చేతులు ఉన్నది కావాలి.

మందుల దగ్గర చలి చేసే మోసం కంటికి కనపడదు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టి కరిగితే చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, కానీ సరిగా పనిచేయదు. చక్కెర పెరుగుతూ పోతుంది, డోసు పెంచుతూ పోతారు. వేడి లేని గదిలో జనవరి రాత్రి సున్నాకు కింద పది దాటితే ఫ్రిజ్ కూడా కాపాడలేదు, అది చల్లబరుస్తుందే గానీ వేడి చేయదు. ఇన్సులిన్‌ను గుడ్డలో చుట్టి ఖాళీ ఫ్లాస్కులో పెట్టి మనుషులు పడుకునే గదిలో ఉంచాలి. చక్కెర చూసే స్ట్రిప్పులు చాలా వరకు పది డిగ్రీల కంటే తక్కువలో పనిచేయవు, మీటరు తప్పు చూపిస్తుంది. బీపీ మిషన్ సెల్‌లు చలికి త్వరగా డీలా పడతాయి. వాడే ముందు కాసేపు జేబులో ఉంచుకుంటే చాలు. బీపీ ఇక్కడ ఎక్కువ, ఉప్పు వేసిన వెన్న టీ రోజుకు పది కప్పులు తాగితే తగ్గేదెలా? టీ మాన్పించడం ఎవరివల్లా కాదు. చిలికే గొట్టంలో వేసే ఉప్పు సగానికి తగ్గించడం మాత్రం వంటమనిషి చేతిలో పని.

ఐదో రోజు: వంటగది, నేల కింద గొయ్యి, పొయ్యి

లేహ్‌లో నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతసేపున్నా పలుకుగానే ఉంటుంది. పళ్లు లేనివాళ్లకు వండే చోట ప్రెషర్ కుక్కరే వంటగదికి గుండె, దాని గ్యాస్కెట్లే దానం చేయదగ్గ వస్తువు. చలికి రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఏ కంపెనీ, ఎన్ని లీటర్లు అని అడిగి రెండేసి పంపితే వంటవాళ్లు దండం పెడతారు.

ముసలివాళ్లు ఇష్టపడేది వేయించి విసిరిన బార్లీ పిండి, ఙంఫే. దాన్ని కప్పులోనే టీతో కలిపి ముద్ద చేస్తే ఖోలక్. పళ్లు అక్కర్లేదు, వండక్కర్లేదు, తినేవాళ్ల చేతికే పని. బార్లీ, బఠాణీ పిండి ఉడికించి చేసే పబా, మజ్జిగలో ఆకుకూర కలిపిన తంగ్‌తుర్, సూపులో పిండి ముక్కలు వేసిన స్క్యూ, తుక్పా మిగతావి. గొంతులో పొరమారేవాళ్లకు ఖోలక్ ఇబ్బంది, పొడిపిండి ఊపిరిగొట్టంలోకి పోతుంది. వాళ్లకు తుక్పాను చిక్కగా చేసి, కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి తినిపించాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

ఆగస్టు, సెప్టెంబర్లలో అసలు పని నేల కింద. ముల్లంగి, క్యారట్, టర్నిప్, బంగాళాదుంప మంచు గడ్డకట్టే లోతు దాటేలా తవ్విన గొయ్యిలో మట్టి పొరల మధ్య పరుస్తారు. దెబ్బతిన్న ఒక్క దుంప వేస్తే చుట్టూ ఉన్నవి కుళ్లుతాయి. ఏరే పని ఓపికతో చేయగలవాళ్లు ముసలివాళ్లే. కంటిచూపు ఉన్న అబి-లే ఒకావిడ ఎండలో గోనెసంచి మీద కూర్చుని, ప్రతి దుంపనూ బొటనవేలితో చుట్టూ నొక్కి, మెత్తగా తగిలినదాన్ని పక్కకు విసిరేస్తుంది. యంత్రం కంటే నమ్మకమైన పరీక్ష అది. శ్రీనగర్ దారిలోని జోజి లా కనుమ (3,528 మీటర్లు) మంచుతో మూసుకుపోతే లారీలు ఆగిపోతాయి. ఆ తర్వాత కూరగాయలు విమానంలో రావాలి, ఆ ధరకు ఆశ్రమం కొనలేదు.

బుఖారీ అంటే చలికాలపు రేకు పొయ్యి, చిమ్నీ గొట్టం కిటికీలోంచో కప్పులోంచో బయటికి పోతుంది. కట్టెలో, పేడ పిడకలో, కిరసనాయిలో కాలుస్తారు. ప్రాణాలు తీసేది మంట కాదు, కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు. చిమ్నీ మసితో సగం మూసుకుపోయినా, కిటికీ సందులన్నీ పాత గుడ్డలతో బిగించినా గదిలో పేరుకుంటుంది. చలికాలంలో వారానికోసారి గొట్టం విప్పి మసి దులపాలి. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ పైభాగంలో రెండు వేళ్ల సందు వదలాలి. రాత్రి పడుకునే ముందు బుఖారీ ఆర్పాలి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం మంచం ఎత్తులో పెట్టాలి. మొత్తం జాబితాలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ పనిచేసే దానం అదే.

బుఖారీ ఆరిపోయాక తెల్లారేదాకా గదిని కాచేది గోడ. ట్రోంబ్ గోడ అని పిలిచే దక్షిణపు గోడకు బయటివైపు నల్ల రంగు వేసి, నాలుగంగుళాల ఖాళీ వదిలి అద్దం బిగిస్తారు. గోడ కిందా పైనా చిన్న కన్నాలుంటాయి. పగలు వేడెక్కిన గాలి పైకన్నంలోంచి గదిలోకి వస్తుంది, చల్లటి గాలి కిందికన్నంలోంచి అద్దం వైపు పోతుంది. సాయంత్రం ఎండ పోగానే కన్నాలు మూయాలి. మూయకపోతే ఇదే చక్రం వెనక్కి తిరిగి గదిలోని వేడిని బయటికి లాగేస్తుంది. ‘సోలార్ గోడ కట్టాం, ఉపయోగం లేదు’ అనే చోట చాలాసార్లు కారణం ఈ మూతలే. మూత పైకన్నానికి ఉంటుంది, అది ముసలివాళ్లకు అందదు. తాడు కట్టి కిందికి వేలాడదీస్తే సమస్య తీరిపోతుంది.

వేడినీళ్ల సంచి గురించి ఒక హెచ్చరిక. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తక్కువ. మరిగిన నీళ్లు పోసి దుప్పట్లో పెడితే తెల్లారేసరికి బొబ్బలు. చేయి పెట్టగలిగినంత వేడి, దాని మీద ఉన్ని సంచి, పడుకునే ముందు మంచం వెచ్చబడ్డాక తీసేయడం. మేజోడులో పెట్టిన సీసా కూడా ఇదే లెక్క.

ఆరో రోజు: ఆఫీసు గది

చాలామంది దాటేసే గది ఇది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం అరవై దాటిన మనిషి పిల్లల నుంచి పోషణ కోరవచ్చు. ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించగలదు. రాష్ట్ర ప్రభుత్వాలు ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేది, నెలకొల్పవచ్చని కూడా అదే చట్టం చెప్పింది. కేంద్ర వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 60–79 ఏళ్లవాళ్లకు 200 రూపాయలు, 80 దాటితే 500. ఆ కాస్త రావాలన్నా వేలిముద్ర పడాలి. జీవితమంతా మట్టి, ఉన్ని, తాడు పట్టిన వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. ముందురోజు రాత్రి వాజలీన్ రాసి, పొద్దున గోరువెచ్చటి నీళ్లలో వేళ్లు నానబెట్టి తుడిస్తే కొన్నిసార్లు పడుతుంది. పడకపోతే కంటిపాప పరికరం ఉన్న చోటికి తీసుకెళ్లాలి. ఈ పనికి ఒక పూట, ఒక బండి, ఒక తోడు కావాలి. హిందీ, ఇంగ్లీషు వచ్చిన తెలుగు యాత్రికుడు దుప్పట్లు పంచే బదులు ఈ తోడుగా వెళ్లగలడు.

డబ్బు ఇస్తే సంస్థ ఖాతాకే, రసీదుతో. చేతిలో చేతిలో పెట్టకూడదు. ఒక మంచానికి ఇచ్చి పక్క మంచానికి ఇవ్వకపోతే మనం వెళ్లాక పోట్లాట ఆయాలు తీర్చాలి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఒకటి చూసుకోవాలి: విదేశీ విరాళం తీసుకోవాలంటే సంస్థకు ప్రభుత్వ అనుమతి ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్‌ఆర్‌ఐ ఇచ్చేది విదేశీ విరాళం కింద రాదు, విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది వస్తుంది. పంపే ముందు ఆఫీసుకు తమ పౌరసత్వం చెప్పాలి.

ఇక్కడే తెలుసుకోదగ్గది ఫస్‌పున్. ఒకే కులదేవతను కొలిచే కొన్ని ఇళ్ల జట్టు అది. పుట్టుకకూ పెళ్లికీ, ముఖ్యంగా చావుకూ ఆ ఇళ్లవాళ్లే పనిచేస్తారు. చనిపోయినప్పుడు ఇంటివాళ్లు శవాన్ని ముట్టుకోరు, ఫస్‌పున్‌వాళ్లే కట్టి, మోసి, దహనం చేస్తారు. దహనం ఏ రోజన్నది ఒన్‌పో, అంటే జ్యోతిష్యుడు, లెక్కకట్టి చెబుతాడు. కాబట్టి ఆశ్రమంలో ఎవరినైనా చేర్చుకునేటప్పుడు రాసుకోవాల్సింది కొడుకు ఫోన్ నంబరు ఒక్కటే కాదు, ఏ ఊరు, ఏ ఫస్‌పున్ అన్నది కూడా. కొడుకు ఫోన్ ఎత్తకపోయినా ఫస్‌పున్ వస్తుంది. రాసుకోకపోతే జనవరిలో రోడ్లు మూసుకున్నాక ఆ ఊరివాళ్లను వెతకడం చాలా కష్టం.

ఏడో రోజు: తిరుగు ప్రయాణం, ఆ తర్వాత

విమానం పొద్దున్నే. మబ్బు పడితే రద్దవుతుంది కాబట్టి ఢిల్లీ నుంచి హైదరాబాద్ టికెట్ అదే రోజుకు కాకుండా మరుసటి రోజుకు పెట్టుకోవాలి.

ఇంటికి వచ్చాక పంపే పార్సిల్ అక్టోబర్ మధ్యకల్లా లేహ్ చేరేలా చూడాలి. గాజు సీసాలో ద్రవం పెట్టొద్దు, గడ్డకట్టి పగులుతుంది. మందులు డాక్టర్ చీటీ లేకుండా, గడువు ఆరు నెలల కంటే తక్కువ ఉన్నవి పంపొద్దు. పెట్టె పైన ఏమేమి ఉన్నాయో హిందీలో లేదా ఇంగ్లీషులో రాసి, అదే జాబితా ఆఫీసుకు ఫోన్‌లో పంపాలి. మేజోళ్లు పంపితే పాదం కొలతకు ఒక సైజు పెద్దవి తీసుకోవాలి. చలికి కాళ్లు వాచి ఉంటాయి, బిగుతు మేజోడు రక్తప్రసారాన్ని ఆపి పాదాన్ని ఇంకా చల్లబరుస్తుంది.